చాసిస్ ప్రింటు

బానెట్ లేపి, మడ్డినూనె గుడ్డతోని తుడిచి
పల్చటి కాయితం ఒత్తిపెట్టి
పెన్సిల్‌ను పండబెట్టి రుద్దుత.
ఒక్కొక్క అంకె లేస్తది,
మొఖం మీద నీళ్లు చల్లితే కండ్లు తెరిసే మనిషి లెక్క.
నలభై రెండేండ్లాయె ఇదే పని.
వరంగల్ ఆర్టీఏ గేటు ముందట
ఒక గొడుగు, ఒక కుర్చీ, రెండు రబ్బరు స్టాంపులు.

ఈ బండి కాశిబుగ్గది.
మూతపడ్డ జిన్నింగు మిల్లు షెడ్డుల
దూది కప్పుకొని పండుకున్న ల్యాండ్‌మాస్టరు.
గార్లపాటోళ్ల మనవడు వింటేజీ నంబరు కావాలన్నడు.
"తాత బండి కాకా, నా బరాత్ దీంట్లనే."
నంబరు పలకను బ్లేడుతోని గీకితే
ఏపీ కింద హెచ్‌వై.
షెడ్డు గడప దాటకుండనే
మూడో రాష్ట్రంల పడ్డది.

ప్రింటు తీసిన. ఆఖరి అంకె ఎనిమిది.
పుస్తకంల గూడ ఎనిమిదే.
ఇగ సంతకమే తక్కువ.
అలవాటు కొద్ది కాయితాన్ని ఎండకు పట్టిన.

ఎనిమిది నడుము కాడ సన్నటి అతుకు.
రెండు మూడులు
ఒకటి కంపెనీది, నిటారుగ.
ఒకటి మనిషిది, తలకిందులుగ, జరంత పక్కకు వంగి.
మొఖాలు ఎదురెదురు పెట్టుకొని ఎనిమిదైనయి.

ఆ వంపు నాకెరుకే.
పోచమ్మమైదాన్ ఖాదర్ ఉస్తాద్.
పానా పట్టుడు నేర్పింది ఆయనే,
ఆకలైతే సగం రొట్టె తుంపి ఇచ్చింది ఆయనే.
ఆయన పంచుల డబ్బల ఎనిమిది లేదు,
నేను పనిల చేరకముందే పోయిందట.
"మూడు ఉన్నంక ఎనిమిదికి పైసలెందుకు బేటా?"
అప్పుడు నేను గూడ నవ్విన.

రికార్డు రూము ఎల్లస్వామికి చాయ్ తాపిచ్చి
చెదలు తినంగ మిగిలిన పాత రిజిష్టరు తీయించిన.
అంతా ఉర్దూ.
నాకు మాట్లాడొస్తది, చదవరాదు.
ఫోన్ల ఫోటో కొట్టుకొని చార్‌బౌళి పోయిన,
రిటైరైన రఫియా టీచరమ్మ దగ్గరికి.
భూతద్దం పెట్టి ఆమె ముందుగాల అన్నమాట:
"రాసినాయన దస్తూరి ఎంత బాగున్నది!"

ఎనిమిది బండి ఒక అబ్కారీ గుత్తేదారుది.
కైఫియత్: మానేరు వరదల కొట్టుకపోయి తుక్కయింది.
కాయితాలు మాత్రం తడవలేదు.
మూడు బండి డాక్టర్ ఎస్తేర్ దయామణిది.
కైఫియత్: గుమ్‌షుదా.
పరకాలల అర్ధరాత్రి కాన్పు చెయ్య లోపలికి పోయింది,
తెల్లారంగ చేతులు కడుక్కొని బయటికొస్తే
వాకిట్ల టైర్ల జాడలున్నయి.

టీచరమ్మ అద్దం తుడుసుకున్నది.
"బిడ్డ బతికిందా?" అని అడిగింది.
ఆ ఖానా రిజిష్టరుల లేదు.

ఎనక సీటు కింద దొరికిన కొక్కెం త్రాసు
అప్పుడు యాదికొచ్చింది.
పత్తి శాంపిలు తూచేదన్నరు మిల్లోళ్లు.
పది పౌండ్ల మీద గీతల్లేవు దానికి.
కొక్కేనికి తెల్లటి గుడ్డ ఉయ్యాల,
నాలుగు మూలలా చిన్న కుట్టు.
పత్తికి ఉయ్యాలెందుకో
ఒక్కడు గూడ అడగలేదు, నాతోని సహా.

రాత్రి ఉస్తాద్ డబ్బ తెరిసిన.
ఆయన పోయినంక అది నాకే వచ్చింది.
ఎనిమిది గూడు ఖాళీ.
మిగిలిన అంకెలన్నిటికీ అంచులు సక్కగున్నయి.
మూడొక్కటే నెత్తి చితికి, మూతి అరిగి
నున్నగున్నది.
ఎన్నిసార్లు తలకిందులు నిలబడ్డదో.
తప్పన్నందుకు నోరు రాలేదు,
తప్పు కాదన్నందుకు గూడ.
ఆ రొట్టె నేను తిన్న.

పొద్దున్నే పోరడు బుల్లెట్ మీదొచ్చిండు.
గొడుగు నీడల నిలబడి
"కాకా, నంబరెప్పుడొస్తది?" అన్నడు.

ప్రింటు జేబులనే ఉన్నది.
పెన్సిల్ మసి వేళ్లకు ఇంకా పోలేదు.

"ఏ బండికి బిడ్డా?" అన్న.